అల్లుని ముంగట ఒక్క సీస

అది రెండువేల పదిహేడు. ఎండకాలం ఇంక ముదరలే. పాలమూరుల ఒక దవాఖానల సైకియాట్రీ ఓపీల స్టాఫ్ నర్సుగ పనిజేస్తున్న. దవాఖాన పేరు రాయను, మనుషుల పేర్లు గూడ మార్చిన. ఓపీ అంటే పొద్దుగాల చీటి రాయించుకొని, డాక్టరుకు చూపిచ్చుకొని, గోళీలు తీస్కొని ఇంటికి పోయే జాగా. మా రూము మెట్లకింద, ఎక్స్‌రే రూముకు ఎదురుంగ ఉండె. ఎక్స్‌రేకు వచ్చినోళ్లు మా బోర్డు చదివి జర దూరం జరిగి కూసునేటోళ్లు. మాకాడికి వచ్చినోళ్లేమో తాము గూడ ఎక్స్‌రేకే వచ్చినట్టు మొఖం పెట్టి కూసునేటోళ్లు.

ఇన్నేండ్ల నౌకరిల బాగ యాదికుండే కేసు ఏదని ఎవరన్న అడిగితే నాకు బాలమణమ్మనే యాదికొస్తది. ఎందుకంటే ఆ కేసుల తప్పు జేసింది నేను.

ముందుగాల ఒక సంగతి చెప్పాలె. మా దిక్కు కల్లును మందుకింద లెక్కపెట్టరు. "తాగుతవా?" అని అడుగుతే "రామ రామ, నేను ముట్టనే ముట్టను" అంటరు. "మరి కల్లు?" అంటే, "అగో, కల్లు తాగనోళ్లు ఎవరుంటరు మేడం!" అని మనల్నే ఇచ్చంత్రంగ చూస్తరు. చెట్టుకెల్లి దింపిన కల్లు సంగతి వేరు. దుకాణంల అమ్మే సీస కల్లుల కొన్ని తావుల నిద్రగోళీల పొడి కలుపుతరు. తాగినోళ్లకు కల్లు అలవాటైందో గోళీ అలవాటైందో వాళ్లకే ఎరుక ఉండదు. రెండు దినాలు సీస దొరకకపోతే చేతులు వణుకుతయి, నిద్ర రాదు, లేని మనుషులు కనవడుతరు, కొందరికి ఫిట్స్ వస్తయి. దీన్ని మేము విత్‌డ్రాయల్ అంటం. అలవాటైన మత్తు ఒక్కసారే బంద్ వెడ్తే ఒళ్లు చేసే లొల్లి అన్నట్టు. అందుకే నేను "తాగుతవా" అని అడుగుడే మానేసిన. "ఎన్ని సీసలు?" అని సీదా అడిగేదాన్ని. ఈ పాలమూరు మనుషుల సంగతి నాకు తెల్వనిది లేదు అని అప్పట్ల నాకు జర పొగరు ఉండె.

ఒక సోమవారం ఓపీ కిటకిటలాడుతున్నది. ఇరవై ఆరేడేండ్ల పిలగాడు ఒకడు లోపలికొచ్చిండు. పేరు శేఖర్. జడ్చర్లల ట్రాలీ ఆటో నడుపుతడు, మార్కెట్ కాడికెల్లి కూరగాయలు ఏస్తడు. వాని ఎనుక యాభై ఏండ్ల ఆమె ఒకతి కొంగు నెత్తిమీదికి గుంజుకొని తలుపు కాడనే నిలవడ్డది.

"లోపలికి రా అక్క, కూసో" అన్న. కదల్లే.

"మా అత్తమ్మ, మేడం" అన్నడు శేఖర్. "నేనుంటే కూసోదు."

మా దిక్కు ఇది మామూలే. అల్లుని ముంగట అత్త కుర్సీల కూసోదు, మొఖం ఎత్తి మాట్లాడదు. అల్లుడు గూడ అంతే, అత్త ఒక మాటన్నంక కాదనడు. చిన్నప్పటికెల్లి చూసిందే గదా అని నేను పెద్దగ పట్టించుకోలే.

శేఖర్ జేబులకెల్లి ఒక రంగుల కాయితం తీసిండు. తొంభై దినాలల్ల వ్యసనం మాన్పిస్తం, గ్యారంటీ అని రాసున్నది. హైదరాబాద్ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు సెంటర్‌ది. ఇంకో చేతుల చిన్న చీటి, నాటుమందు పోసే మనిషి ఫోను నంబరు.

"రెండిట్ల ఏడికి తోల్కపోవాలె మేడం? మీరు ఎటు చెప్తే అటు పోతం. ఈడ చేర్పిద్దమని రాలే, సలహా అడుగుదమని వచ్చిన" అన్నడు.

నాకు కోపం వచ్చింది, నవ్వు గూడ వచ్చింది. "బట్టల దుకాణంకు పోయి, పక్క దుకాణంల మంచి చీరలున్నయా అని అడుగుతవా తమ్మి?" అన్న. నెత్తి గోక్కున్నడు.

"సరే, ఎవరికి? నీకేనా?"

"అయ్యో, నాకు కాదు మేడం. అత్తమ్మకు."

బాలమణమ్మది దేవరకద్ర దిక్కు ఒక ఊరు. వయసుల ఉన్నప్పుడు పెనిమిటితోని బొంబాయి, పుణె పోయి మట్టి మోసింది. పెనిమిటి పోయి శానేండ్లాయె. ఒక్కతే బిడ్డ, రేణుక. మట్టిపని కాలంల ఒళ్లునొప్పులకని మొదలువెట్టిన కల్లు ఆడికెల్లి ఆమెను ఇడవలే. ఇప్పుడు రేణుకకు ఆరో నెల, తొలిసూరు. శేఖర్‌కు తల్లి చిన్నప్పుడే పోయింది. బాలెంతకు వండి పెట్టాలన్నా, పసిపిల్లకు కాళ్లమీద ఏసుకొని నీళ్లు పొయ్యాలన్నా బాలమణమ్మ తప్ప ఇంకో ఆడదిక్కు లేదు.

ఆ సంగతి ఆమెకు గూడ ఎరుకే. పదిహేను దినాల కింద ఎవరికి చెప్పకుండ తనకు తానే కల్లు బంద్ వెట్టింది. రెండో దినం రేణుక తల్లిని చూసిపోదమని వచ్చింది. పొయ్యిమీదికెల్లి ఏడినీళ్ల గిన్నె దించుతుంటే బాలమణమ్మ చేతులు గజగజ వణికినయి. గిన్నె జారి నీళ్లు రేణుక కాళ్లమీద పడ్డయి. దేవుని దయ, జరంతనే కాలింది. గని కడుపుతోని ఉన్న పిల్ల బుగులువడ్డది. "అమ్మ, నువ్విట్లనే ఉంటే పుట్టిన పిల్లను నీ చేతుల పెట్టను" అని ఏడ్చుకుంట అన్నది. బిడ్డ అటు పోంగనే బాలమణమ్మ మల్ల దుకాణంకు పోయింది. సీస తాగినంకనే వణుకుడు ఆగింది.

శేఖర్ ఇదంత చెప్తుంటే తలుపు కాడ ఆమె కొంగుతోని మొఖం కప్పుకున్నది. గోడదిక్కు చూసుకుంట నాతోని అన్నది: "నన్ను ఏడికన్న తోలుండ్రి సిస్టరమ్మ. మంచిగ జేసి తోలుండ్రి. మూడు నెలలే ఉన్నది నా బిడ్డ కాన్పుకు."

"జర ఆగుండ్రి" అని ఆ రంగుల కాయితం మీది నంబరుకు నేనే ఫోన్ కొట్టిన. ఇద్దరికి ఇనవడాలెనని స్పీకర్ పెట్టిన.

"ఆడోళ్లను చేర్చుకుంటరా?"

"లేడీస్‌కి వేరే వార్డు లేదు మేడం. అయినా పంపించండి, మా వంటామె గదిలో ఉంచుదాం."

"డాక్టర్ ఎప్పుడుంటడు?"

"ప్రతి ఆదివారం వస్తారు మేడం."

"మరి బుధవారం ఫిట్స్ వస్తే?"

"పడిపోకుండా మంచానికి కట్టేస్తాం" అన్నడు.

"గోళీలు ఇచ్చి మెల్లగ తగ్గిస్తరా, ఒక్కసారే బంద్ వెడ్తరా?"

"ఒక్కసారే మేడం. మా దగ్గర మాత్రలే వాడం, అంతా సహజం" అని గొప్పగ చెప్పిండు. ఇంటోళ్లు చూడనీకె రావొచ్చునా అంటే, నలభై దినాల దాంక ఎవ్వల్ని రానియ్యం, అది మా రూలు అన్నడు.

నా నోరు మంచిది కాదు. ఫోను పెట్టేసే ముందు వానితోని ఏమన్ననో ఈడ రాయను. అట్లని ప్రైవేటు సెంటర్లన్ని ఇసుంటియే అనను. డాక్టరు ఎప్పటికి ఉండి, ఇంటోళ్లను పక్కన కూసోనిచ్చి, పద్ధతిగ చూసుకునేటియి నేనే చూసిన. మా దగ్గర మంచాలు లేనప్పుడు అసుంటి తావులకు నేనే తోలిన. గని ఇంటోళ్లు ఈ నాలుగు మాటలు అడగకుండ, కాయితం మీది గ్యారంటీ చూసి మనిషిని తోల్కపోయి ఇడిసిపెడ్తరు. అదే నాకు మంట.

"నాటుమందు సంగతి?" అని శేఖర్‌ను అడిగిన.

"మా దోస్తు ఒకడు తాగిండు మేడం. వారం దినాలు వాంతులే వాంతులు."

"మానిండా?"

"ఆ వారం మానిండు."

తలుపు కాడికెల్లి బాలమణమ్మ మెల్లగ అన్నది: "దర్గాల తాయెత్తు కట్టిచ్చుకుందమనుకున్న సిస్టరమ్మ."

"కట్టిచ్చుకో అక్క, ఎవరొద్దన్నరు? అది కట్టుకొని గోళీ గూడ ఏసుకో. తాయెత్తుకు గోళీకి పంచాది లేదు" అన్న. ఆమె మొఖంల మొదటిసారి జరంత నవ్వు కనవడ్డది.

డిటాక్స్ అంటే ఏందో ఇద్దరికి చెప్పిన. ఒంట్లకెల్లి మత్తును జాగ్రత్తగ ఎల్లగొట్టుడు. ఒక్కసారి గుంజిపారేసుడు కాదు. ఆ మత్తు చేసే పనే చేసే గోళీ లెక్క ప్రకారం ఇచ్చి, ఆ లెక్కను దినాలకు ఇంత, వారాలకు ఇంత అని తగ్గిస్తం. దీన్ని టేపరింగ్ అంటం. మెట్లున్నప్పుడు మెట్లమీదికెల్లి దిగాలె గని మిద్దెమీదికెల్లి దుంకొద్దు గదా. మొదటి పది దినాలు దవాఖానల ఉండాలె, తర్వాత ఇంటికాడ.

ఇదంత ఇని బాలమణమ్మ, "పిచ్చోళ్ల వార్డుల నేను పండను" అన్నది. "ఊర్ల తెలుస్తే నా బిడ్డ మొఖం ఎట్ల సూపిస్తది?"

మా డాక్టర్ సారు కొత్తగ వచ్చినాయన, మెత్తటి మనిషి. ఆయనతోని మాట్లాడి ఆడోళ్ల మెడికల్ వార్డుల, బీపీ షుగర్ పేషంట్ల నడుమ మంచం ఇప్పిచ్చిన. గప్పుడు ఒప్పుకున్నది.

ఇగ హిస్టరీ తీసుకోవాలె. అంటే ఎన్నేండ్లకెల్లి అలవాటు, దినాం ఎంత, చివరిసారి ఎప్పుడు అని అడిగి కేస్ షీట్ల రాసుడు. డాక్టరు గోళీల లెక్క కట్టేది దీన్ని చూసే. బైట ఇంకో నలభై మంది నిలవడి ఉన్నరు. పెన్ను పట్టుకొని, నా మామూలు ధీమాతోని అడిగిన: "ఎన్ని సీసలు అక్క?"

బాలమణమ్మ నేలచూపు చూసి ఒక వేలు లేపింది. "ఒక్క సీస."

"ఒక్కటేనా?"

"ఒక్కటే."

"ఒక్కటేనా తమ్మి?" అని శేఖర్‌ను అడిగిన. వాడు కిటికీలకెల్లి బైటికి చూసుకుంట "అంతే మేడం" అన్నడు. దినాంకు ఒక సీస అని రాసిన. సారు దానికి తగ్గట్టు గోళీలు రాసిండు.

మూడో దినం పొద్దుగాల పదకొండు గంటలకు పైకెల్లి ఆయమ్మ ఉరికొచ్చింది. "మేడం, మీ పేషంటుకు ఫిట్స్!"

ఓపీ ఇడిసిపెట్టి మెట్లెక్కి ఉరికిన. బాలమణమ్మ మంచం మీద కొట్టుకుంటున్నది. పక్క మంచాలోళ్లు చుట్టూర మూగిన్రు. ఒకామె తాళాల గుత్తి చేతుల పెడ్తున్నది, ఇంకొకామె ఉల్లిగడ్డ కోసుకొని వాసన చూపియ్యనీకె వచ్చింది. "అందరు జరుగుండ్రి! గాలి రానియ్యుండ్రి!" అని ఒర్రి, ఆమెను పక్కకు తిప్పి పట్టుకున్న. వార్డు సిస్టర్ సూదిచ్చింది. ఆగేదాంక నా పానం నా చేతుల లేదు. ఆగినంక చూస్తే శేఖర్ గోడ కాడ ఛాయ్ ఫ్లాస్కు పట్టుకొని బిగుసుకపోయి నిలవడున్నడు.

జరసేపటికి వాడు తేరుకున్నడు. తేరుకున్నంక లొల్లి మొదలువెట్టిండు. "మీరు పెద్ద పెద్ద మాటలు చెప్పిన్రు గద మేడం! ఫిట్స్ రావు, మెట్లు దిగినట్టు దించుతం అంటిరి. నేను ప్రైవేటుకే తోల్కపోత." వార్డు సిస్టర్‌ను అడిగి లామా కాయితం తీస్కున్నడు. లామా అంటే డాక్టరు వద్దన్నా మా ఇష్టంతోని తీస్కపోతున్నం అని సంతకం పెట్టుడు. అది పెడ్తే మేమేం చెయ్యలేం. ఆ స్థితిల ఆమెను ఆటోల ఏసుకొని ఆదివారం దాంక డాక్టరు రాని తావుకు పోతే ఏమైతదో నాకు ఎరుక.

"పెడ్తువు గని, ముందుగాల కిందికి పోయి ఈ మందు పట్టుకరా" అని చీటి రాసిచ్చి పంపిన. మంచం చుట్టు కర్టెన్ గుంజి ఆమె పక్కన కూసున్న. నెత్తిమీద చెయ్యేసిన.

"అక్క, ఇప్పుడు మన ఇద్దరమే ఉన్నం. నిజం చెప్పు. ఎన్ని?"

కండ్లకెల్లి నీళ్లు చెవులల్లకు కారుతున్నయి. "పొద్దుగాల పనికి పోయేటప్పుడు రెండు. పగటీలి ఒకటి. పొద్దుమీకి మూడు" అన్నది.

"ఆరు సీసలా! మరి ఒక్కటే అంటివి?"

"అల్లుడు ఉండె గద సిస్టరమ్మ." ఆ మాట ఆమె ఎంత మామూలుగ అన్నదంటే, నాకే ఎరుక ఉండొద్దా అన్నట్టు. "అల్లుని ముంగట ఆరు సీసలు తాగుతనని ఏ నోటితోని చెప్పాలె? సచ్చినా చెప్పను. మీరు గూడ చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

నన్ను ఎవరో చెంప మీద కొట్టినట్టయింది. పేషంటును ఒంటిగ అడగాలె అనేది మాకు నర్సింగ్‌ల మొదట్లనే చెప్తరు. నేను ఆమె కుర్సీల కూసోకపోవుడు చూసిన, గోడదిక్కు తిరిగి మాట్లాడుడు చూసిన, ఎందుకో గూడ నాకు ఎరుకే. అన్ని ఎరుకుండి, అల్లున్ని పక్కన నిలవెట్టుకొని ఎన్ని సీసలని అడిగిన. ఆరు సీసల మనిషికి ఒక సీస గోళీ ఏసినం. ఫిట్స్ రాకుంటే ఏమొస్తది?

శేఖర్ మందు పట్టుకొని వచ్చిండు. వరండాలకు తీస్కపోయిన. వానికి ఆ అంకె చెప్పొద్దు, ఆమెకు మాటిచ్చిన. చెప్పకుండ ఆపాలె. చెప్పనీకె నాకాడ ఇంకో నిజం ఉండె, అదే చెప్పిన.

"శేఖర్, తప్పు నాది. హిస్టరీ నేను సరిగ తీసుకోలే. దానితోని గోళీ తక్కువ పడ్డది. మీ అత్తమ్మ తప్పు లేదు, డాక్టర్ సారు తప్పు లేదు."

"మీరు తప్పు రాస్తే మనిషి పోతుండె గద!" వార్డంత ఇనవడేటట్టు అన్నడు.

"అవును. పోతుండె."

పంచాదికి దిగినోనికి ఎదుటిమనిషి అవునంటే ఏం చెయ్యాలో తెల్వదు. "ఇప్పుడు నువ్వు తీస్కపోతే తొవ్వల మల్ల ఫిట్స్ వస్తే ఎవరు చూస్తరు? ఈడ ఉంటే తప్పు జేసినదాన్ని నేనే చూసుకుంట. నీ ఇష్టం" అన్న. కాయితం చేతుల తిప్పుకుంట తిప్పుకుంట చాన ఆలోచన జేసిండు. తర్వాత దాన్ని నాకిచ్చి, పోయి అత్త మంచం కాడ నేలమీద కూసున్నడు.

డాక్టర్ సారుకు అసలు లెక్క చెప్పిన, తప్పు నాదేనని గూడ చెప్పిన. తిట్టుతడనుకున్న. "నేను గూడ అడగాల్సింది సిస్టర్. రేపటికెల్లి అందరిని ఒంటిగనే అడుగుదం" అని గోళీల లెక్క తిరగరాసిండు.

ఐదో దినం బాలమణమ్మ పట్టపగలు గుర్రుపెట్టి నిద్రపోయింది. ఏడో దినం అన్నం సరిపోలేదని వార్డు ఆయమ్మతోని కొట్లాట పెట్టుకున్నది. కొట్లాడుతున్నదంటే మంచిగైతున్నట్టేనని మేము నవ్వుకున్నం. ఎనిమిదో దినం పక్క మంచం ముసలామెకు జడేస్తున్నది. దినాం పొద్దుగాల చేతులు సాపిచ్చి వణుకుడు చూస్తం మేము. నేను వార్డుల అడుగు పెట్టంగనే, అడగకముందుకే రెండు చేతులు ముంగటికి సాపేది.

ఇంటికి తోలేనాడు అసలు తమాష. దవాఖాన తర్వాత ఏడికి పోవాలెననేది దవాఖానకన్న పెద్ద ప్రశ్న. ఆమె ఇంటి గోడకు కల్లు దుకాణం గోడ తాకుతది. కూలికి పోయే ఆడోళ్లంత పని ఇడిసినంక కూసునేది ఆడనే. ఆడికి పోతే పది దినాల కష్టం ఒక్క పూటల పోతది.

"మేడం, అత్తమ్మకు చెప్పుండ్రి" అన్నడు శేఖర్. ఆమె మూడడుగుల దూరంల ఉన్నది. "జడ్చర్లకు మా ఇంటికి రావాలె. కాన్పు మా ఇంట్లనే అయితది."

"సిస్టరమ్మ, అల్లునికి చెప్పుండ్రి" అన్నది ఈమె గోడతోని. "తొలిసూరు కాన్పు తల్లిగారింట్ల కావాలె. అల్లుని ఇంట్ల కూసోని తింటే నలుగురు ఏమంటరు?"

"ఆ నలుగురు వచ్చి నా పిల్లకు నీళ్లు పోస్తరా, అడుగుండ్రి మేడం."

"ఊకె కూసోని తినుడు నాతోని కాదని చెప్పుండ్రి."

"కూరగాయలు ఏరనీకె నాకు మనిషి దొరుకుతలేరని చెప్పుండ్రి."

"నేనేమన్న మీ ఇద్దరి నడుమ టెలిఫోన్ తీగనా?" అని ఇద్దరి మీద ఎగిరిన. వార్డుల పేషంట్లు, అటెండెంట్లు అందరు పక్కున నవ్విన్రు. బాలమణమ్మ కొంగుల నవ్వింది. "కూరగాయలు ఏరుత, గట్లైతేనే వస్త" అన్నది. ఈసారి నాకు చెప్పలే, సీదా అల్లునికే చెప్పింది.

ఆమె మూట సర్దుకుంటుంటే శేఖర్ నన్ను పక్కకు పిలిచిండు. "మేడం, ఒక మాట. ఆరు సీసలని నాకు ఎరుకనే."

"ఎప్పటికెల్లి?" అన్న.

"లగ్గమైనకాడికెల్లి ఎరుక. ఆమె ఒకటి అన్నంక, ఆమె ముంగటనే ఆరు అని నేనెట్ల అంట? ఆ దినం మీరు తప్పు నాది అన్నరు చూడు, నాకు మస్తు సిగ్గైంది. అయినా మీమీదనే ఒర్రిన."

"మీ మర్యాదలు సల్లగుండ! ఆమె పానం తీస్తుంటిరి గదరా ఇద్దరు గలిసి!" అన్న. తర్వాత యాదికొచ్చి దిద్దుకున్న: "ఇద్దరం కాదు తియ్యి, ముగ్గురం." వాన్ని రెండు ఏయబుద్ధయింది, ముద్దు పెట్టుకోబుద్ధయింది. అత్త పరువు కాపాడనీకె అబద్ధం ఆడిన పిలగాన్ని ఏమంటం?

తర్వాత సోమవారం సోమవారం ఓపీకి వచ్చిన్రు. గోళీలు రేణుక చేతులనే పెట్టిచ్చిన, పూటకు ఒకటి లెక్కన తల్లికి ఇయ్యనీకె. అంత సాఫీగ ఏం నడవలే. ఒకసారి ఊర్ల ఎవరివో సావు దినాలకు పోయింది, వచ్చే సోమవారం దాంక ఆగకుండ శనివారమే వచ్చింది. నేను శేఖర్‌ను బైటికి పొమ్మని చెయ్యి ఊపిన.

"ఉండనియ్యుండ్రి" అన్నది బాలమణమ్మ. కుర్సీ గుంజుకొని అల్లుని ముంగటనే కూసున్నది. "దినాలల్ల ఒక గిలాస తాగిన. అందరు తాగుతుంటే ఉండబట్టలే. నా బిడ్డకు చెప్పిన, ఏడ్చింది. మీకు గూడ చెప్దమని వచ్చిన."

"ఒక్కటేనా?" అన్న, జర గట్టిగనే.

"ఈసారి నిజంగ ఒక్కటే. కావాల్నంటే అల్లున్ని అడుగుండ్రి, ఎనుకనే నిలవడి కావలి కాసిండు."

ముగ్గురం నవ్వినం. టేపరింగ్ ఆపకుండ ఇంకో వారం పొడుగు జేసిండు సారు. మల్ల ఆమె తాగినట్టు నేను ఇనలే.

ఇప్పటికి నాకు ఫోన్లొస్తయి. మా బావ తాగుతడు, మా చిన్నాయిన తాగుతడు, మా అవ్వ సీస ఇడుస్తలేదు, ఏడికి తోల్కపోవాలె మేడం అంటరు. ఫిట్స్ వస్తే చూసే డాక్టరు ఎప్పటికి ఉంటడా, గోళీలు మెల్లగ తగ్గిస్తరా, ఇంటోళ్లను రానిస్తరా అని అడుగుండ్రి అని చెప్త. ఇదంత శేఖర్ రాకముందు గూడ చెప్పేదాన్నే. బాలమణమ్మ నుంచి నేర్చుకున్నది ఇంకొకటున్నది, అది అందరికన్న ముందు చెప్త. మీ మనిషితోని తలుపేసుకొని ఒంటిగ మాట్లాడే తావుకే తోల్కపోండ్రి. ఆ తలుపు బైట మీరు నిలవడుండ్రి. ఎంత మంచి డాక్టరైనా, ఎంత ఖరీదు మందైనా, లోపల చెప్పిన లెక్క మీదనే నడుస్తది. మా దిక్కు మనుషులు ప్రేమతోనే అబద్ధం ఆడుతరు, భయంతోని కాదు. అది తెలిసిన నర్సుకు ఆ అబద్ధం చెప్పే అవసరం రానియ్యకుండుడే పని. ఇయ్యాల్టికి నేను హిస్టరీ రాసేముందు లేచిపోయి తలుపేస్త.

కాన్పు సంగతి చెప్పనే లేదు. వానలు పడ్డంక రేణుకకు ఆడపిల్ల పుట్టింది. మా దవాఖానలనే, మామూలు కాన్పు. శేఖర్ దూద్‌పేడల డబ్బా పట్టుకొని ఓపీకి ఉరికొచ్చిండు. పని అయినంక కాన్పుల వార్డుకు పోయిన. రేణుక పిల్లకు పాలిచ్చి ఒళ్లె పెట్టుకొని కూసున్నది, కండ్లు మూసుకపోతున్నయి. బాలమణమ్మ మంచం కాళ్ల దిక్కు నిలవడున్నది. పొద్దుగాలకెల్లి ఆడనే ఉన్నదట. పథ్యం వండి తెచ్చింది, బట్టలు పిండింది, అందరికి ఛాయ్ పోసింది. పిల్లను మాత్రం ముట్టలే. రెండు చేతులు కొంగుల దాసుకొని దూరంకెల్లే చూస్తున్నది.

"ఎత్తుకో అక్క" అన్న.

నెత్తి అడ్డంగ ఊపింది. నాదిక్కు చూస్తలేదు, రేణుకదిక్కే చూస్తున్నది. ఏడినీళ్లు పడ్డనాడు రేణుక అన్న మాట నాకు యాదికొచ్చింది. ఎత్తుకో అనేది నేను చెప్పే మాట కాదు.

రేణుక ఆవులించింది. "అమ్మ, జర దీన్ని వట్టుకో. నాకు మస్తు నిద్రొస్తున్నది" అని పిల్లను తల్లి చేతులల్ల పెట్టి, గోడదిక్కు తిరిగి పండింది. రెండు నిమిషాలల్ల నిద్రపోయింది. పిల్లకు ఏమైతదో అని ఒక్కసారి గూడ ఎనుకకు తిరిగి చూడలే.

బాలమణమ్మ పొద్దుగూకేదాంక ఆ పిల్లను కింద పండవెట్టలే.